యంత్రం మేల్కొనే వేళ: ఒక్క పంక్తిలో పట్టేదెంత?

బిలాస్‌పూర్ నుండి ఒక సోదర ఉద్యోగి మాకు లేఖ వ్రాశారు. వారి తాతగారు బెంగాల్–నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుండి వెళ్లి అక్కడ ఫిట్టరుగా చేరినారట. తండ్రిగారు ఇంజను డ్రైవరు. లేఖ వ్రాసిన వారు మాత్రం పట్టాల నుండి ప్రక్కకు జరిగి, ఒక ప్రభుత్వరంగ సంస్థలో కంట్రోల్ రూము ఉద్యోగం చేస్తున్నారు. వారి ప్రశ్న సంగ్రహంగా ఇది: యంత్రాలకు అమర్చిన సెన్సార్ల నుండి సెకను సెకనుకు వచ్చి పడే అంకెలన్నిటినీ కలకాలం దాచలేము గనుక, ఒక్కొక్క యంత్రం మొదలైన ప్రతిసారీ ఒక్క పంక్తి సారాంశం నిలుపుకొని, కొంతకాలం తరువాత తక్కినది తీసివేయాలని వారి విభాగంలో నిర్ణయమైనది. ఆ పంక్తిలో ఏమేమి ఉండాలో ముసాయిదా వ్రాసే పని వీరి మీద పడినది. "ఏది ఉంచాలో తెలియడం కష్టం కాదు, ఏది పోగొట్టకూడదో తెలియడమే కష్టంగా ఉన్నది" అని వారు వ్రాసిన వాక్యం మాకు నచ్చినది. ఈ నెల శీర్షికను దానికే కేటాయిస్తున్నాము.

బిలాస్‌పూర్‌ను ఎరుగని పాఠకుల కొరకు రెండు మాటలు. హౌరా నుండి నాగపూర్ మీదుగా ముంబయి వెళ్లే ప్రధాన మార్గంలో, కట్నీ వైపు దారి చీలే చోట వెలసిన రైల్వే పట్టణమిది. 1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ వేసిన పట్టాలతో పెరిగినది. తరువాతి కాలంలో ఆ కంపెనీ బండ్లే వాల్తేరు వరకు నడిచినందున, మన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్లే ఇక్కడికీ వచ్చి రైల్వే కాలనీలలో స్థిరపడినాయి. 2003 నుండి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. 1985లో ఏర్పడిన సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థకు ప్రధాన కార్యాలయమూ ఇక్కడే. కోర్బా ప్రాంతంలోని గెవ్రా, దీప్కా, కుస్ముండా గనులు దాని పరిధిలోనివే. పట్టణానికి సమీపాన సీపత్‌లో ఎన్.టి.పి.సి. వారి 2,980 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉన్నది. 660 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్లవి రెండు. బొగ్గును త్రవ్వే యంత్రం, మోసే యంత్రం, మండించి విద్యుత్తుగా మార్చే యంత్రం మూడూ ఒక్కరోజు ప్రయాణంలో చూడగలిగిన ప్రదేశాలు మన దేశంలో ఎక్కువ లేవు. కాబట్టి ఈ ప్రశ్న అక్కడి నుండి రావడం మాకు ఆశ్చర్యం కలిగించలేదు.

మొదట లెక్క చూద్దాం. సెకనుకు ఒక్క అంకె చొప్పున ఒక సెన్సారు రోజుకు 86,400 అంకెలు పంపుతుంది; సంవత్సరానికి మూడు కోట్ల పదిహేను లక్షల పైచిలుకు. పెద్ద విద్యుత్ యూనిట్‌లో ఇటువంటి కొలతలు వేలలో ఉంటాయి. వెయ్యి మాత్రమే అనుకున్నా రోజుకు 8 కోట్ల 64 లక్షల అంకెలు. కంప్యూటర్లలో నిల్వ చేసే ఖర్చు మా తొలి ఉద్యోగపు రోజులతో పోల్చితే ఎంతో తగ్గినది, నిజమే. కాని మారుమూల గని నుండి వాటిని పంపే తీగకు ఒక పరిమితి ఉన్నది, వాటిని చూచే మనిషి కన్నులకు అంతకంటె చిన్న పరిమితి ఉన్నది. దాచి, ఎవరూ చూడని అంకెలు లేనివాటితో సమానమే.

సారాంశానికి ఒక గొప్ప గుణం కూడా కలదు. దానిని తక్కువ చేయరాదు. ఒక పంపు గత ఏడాదిలో రెండు వందల సార్లు మొదలైనదనుకుందాం. ఆ రెండు వందల ఆరంభాల గ్రాఫులు పరచి చూస్తే అన్నీ ఒకే పోలికగా కనిపిస్తాయి. అదే ఒక్కొక్క ఆరంభానికి ఒక్క పంక్తి చొప్పున వ్రాసి, పూర్తి వేగం అందుకొనడానికి పట్టిన కాలాన్ని వరుసగా చదివితే, జనవరిలో ఎనిమిది సెకన్లు, ఏప్రిల్‌లో ఎనిమిదిన్నర, ఆగస్టుకు తొమ్మిది దాటుట కంటికి కడుతుంది. బేరింగు బిగుసుకొంటున్నదో, వాల్వు సరిగా మూయకుండానే మొదలుపెడుతున్నారో, వోల్టేజి పడిపోతున్నదో విచారించవలసిన సమయం వచ్చినదని ఆ వరుసే చెబుతుంది. కాబట్టి కుదించుట తప్పు కాదు. ఎక్కడ కుదించాలి, ఎట్లా కుదించాలి అన్నదే ప్రశ్న.

ఇంతకూ, మొదలయ్యే క్షణానికే ఇంత ప్రాముఖ్యం ఎందుకు? యంత్రం నడుస్తున్న వేయి గంటలలో పడని కష్టం, మొదలయ్యే కొద్ది సెకన్లలోనో గంటలలోనో పడుతుంది గనుక. సాధారణమైన ఇండక్షన్ మోటారును నేరుగా లైనుకు కలిపినప్పుడు అది తన పూర్తి భారపు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. వైండింగులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆరు రెట్ల కరెంటు అంటే ముప్పది ఆరు రెట్ల వేడి. పైగా అప్పటికి షాఫ్టు మీది ఫ్యాను వేగం అందుకొని ఉండదు గనుక చల్లార్చే గాలి కూడా లేదు. అందువలననే పెద్ద మోటార్లకు, చల్లగా ఉన్నప్పుడు వరుసగా రెండు ప్రయత్నాలకు, వేడిగా ఉన్నప్పుడు ఒక్క ప్రయత్నానికి మించి చేయరాదనే నిబంధన వాడుకలో ఉన్నది. ప్యానెలు మీద ఆ పలక చూడని వారు మన సంస్థలలో ఉండరు. పాటించని వారి సంగతి వేరు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. చాలా చోట్ల నిల్వ తగ్గించుటకు మొదట చేసే పని, సెకను అంకెలను నిమిషపు సగటుగా మార్చుట. చూడడానికి ఎంతో న్యాయంగా ఉన్న పద్ధతి. అరవై అంకెల స్థానంలో ఒకటి. ఈ న్యాయం ఆరంభాన్ని ఏమి చేస్తుందో కాగితం మీద వేసి చూడండి.

పూర్తి భారపు కరెంటు 100 ఆంపియర్లు గల మోటారు తీసుకుందాం. మొదలయ్యేటప్పుడు 600 ఆంపియర్లు లాగి, ఎనిమిది సెకన్లలో వేగం అందుకొని, మిగిలిన 52 సెకన్లు 80 ఆంపియర్లతో నడిచినది. ఆ నిమిషపు సగటు సుమారు 149 ఆంపియర్లు. 600 అన్న అంకె రికార్డులో ఎక్కడా మిగలలేదు. అయినా, 149 చూచి అనుభవజ్ఞుడు ఇక్కడ ఏదో జరిగినదని గుర్తించగలడు. ఇక అదే మోటారు మొదలు కాలేక ఐదు సెకన్లలో రిలే పడి ఆగిపోయినదనుకోండి. 600 ఆంపియర్లు ఐదు సెకన్లు, సున్నా 55 సెకన్లు. సగటు 50 ఆంపియర్లు! అనగా, మోటారు ప్రాణం మీదికి వచ్చిన ఆ నిమిషం రికార్డులో సగం భారంతో హాయిగా నడిచిన నిమిషం వలె కనిపిస్తుంది. వేడి లెక్కన చూస్తే ఆ ఐదు సెకన్లు, పూర్తి భారంతో మూడు నిమిషాలు నడిచిన దానికి సమానం.

ఇది కేవలం కాగితపు లెక్క కాదు. చాలా సంవత్సరాల క్రిందట మేము ఒక భూగర్భ గని పంపుహౌస్‌లో జరిగిన విచారణను దగ్గర నుండి చూచినాము. గని పేరు, సంస్థ పేరు ఇక్కడ అనవసరం. వర్షాకాలంలో నీరు తోడే పెద్ద పంపు మోటారు కాలిపోయినది. పంపు ఆపరేటరు నిబంధన మీరి వెంటవెంటనే స్టార్టరు నొక్కినందున కాలినదని అభియోగం. ఆయన మాత్రం రెండు ప్రయత్నాలు విఫలమైన మాట నిజమేననీ, ప్రతి ప్రయత్నానికి నడుమ అరగంటకు పైగా ఆగినాననీ, మూడవసారి పై అధికారి టెలిఫోనులో చెప్పిన తరువాతనే నొక్కినాననీ చెప్పినారు. కంట్రోల్ రూములోని రికార్డు నిమిషపు సగటులది. అందులో ఆ ఉదయానికి సంబంధించి ఒక్క "ఆరంభం" మాత్రమే నమోదైనది. మొదటి రెండు ప్రయత్నాలూ, మనం పైన చూచిన లెక్క ప్రకారమే, పరిమితి గీతకు క్రిందనే ఉండిపోయినాయి. రికార్డు ప్రకారం ఆయన చెప్పిన రెండు ప్రయత్నాలు అసలు జరగనే లేదు! ఒక్కసారికే మోటారు కాలినదంటే ఏదో అక్రమం చేసి ఉంటారన్న అనుమానం మరింత బలపడినది. చివరకు ఆయనను కాపాడినది సొరుగులోని నోటు పుస్తకం. గళ్ల కాగితం మీద ఆరు గంటల ఐదు నిమిషాలు, ఆరూ నలభై, ఏడుంబావు అని మూడు సమయాలు, ప్రతిదాని ప్రక్కన శబ్దం ఎట్లా ఉన్నదో ఒక మాట వ్రాసి ఉన్నాయి. తరువాత విప్పి చూస్తే పంపు వైపు బేరింగు పట్టుకొని ఉన్నది. రాత్రి షిఫ్టులో శబ్దం గురించి ఫిర్యాదు చేసిన సంగతీ అదే పుస్తకంలో బయటపడినది.

ఆ విచారణ మాకు నేర్పినది ఒకటే. విఫలమైన ఆరంభం కూడా ఆరంభమే; లెక్కలో దానికే మొదటి స్థానం ఇవ్వాలి. "మొదలైనది" అన్న సంఘటనను మాత్రమే లెక్కించే పద్ధతి "మొదలు కాబోయి ఆగినది" అన్న సంఘటనను తనంతట తానే చెరిపివేస్తుంది. రాబోయే చేటుకు ముందుగా వచ్చే వార్త సాధారణంగా ఆ రెండవ దానిలోనే ఉంటుంది.

ఆరంభం అంటే ఏమిటో నిర్వచించడం కూడా అనుకున్నంత సులభం కాదు. కరెంటు ఒక గీత దాటితే మొదలైనట్లు, దిగితే ఆగినట్లు అని పెట్టుకుంటే, ఆ గీత దగ్గరే అటూ ఇటూ ఊగే యంత్రం రోజుకు వందసార్లు మొదలైనట్లు కంప్యూటరు వ్రాసిపెడుతుంది. ఇందుకు విరుగుడు రెండు గీతలు పెట్టుకొనుట. పై గీత దాటితేనే మొదలైనట్లు, క్రింది గీతకు దిగి కొంతసేపు అక్కడే ఉంటేనే ఆగినట్లు. ఇంట్లో నీళ్ల ట్యాంకు మీద తేలే బుడ్డి ఇదే పని చేస్తుంది. నీరు అంగుళం తగ్గగానే మోటారు వేయదు, బాగా తగ్గిన తరువాత వేస్తుంది, నిండిన తరువాత ఆపుతుంది. ఆ "కొంతసేపు" ఎంత అన్నది యంత్రాన్ని బట్టి ఉండాలి. మన పంపుహౌస్ ఉదాహరణలో ఐదు సెకన్ల విఫల ప్రయత్నాన్ని కూడా పట్టవలెనంటే గీతలను సెకను అంకెల మీదనే వేయాలి, సగటుల మీద కాదు. ముందు సంఘటనను గుర్తించి, తరువాత కుదించాలి. ముందే కుదించి తరువాత వెదికితే దొరకదు. ఈ రెండు పనుల క్రమం తారుమారైన చోట ఎంత ఖరీదైన కంప్యూటరు పెట్టినా ప్రయోజనం లేదని మా అభిప్రాయం.

ఆవిరి టర్బైను విషయంలో నిర్వచనం మరింత చిత్రమైనది. వేగం సున్నా దాటితే మొదలైనట్లు అని వ్రాసుకుంటే, టర్బైను ఎన్నడూ ఆగినట్లే లెక్కకు రాదు. యూనిట్‌ను ఆపిన తరువాత కూడా వేడెక్కిన రోటరును నిశ్చలంగా వదలరు. వదిలితే తన బరువుకు తానే వంగుతుంది, పై భాగం ఒక వేడిలో క్రింది భాగం మరొక వేడిలో ఉండి వంకర తిరుగుతుంది. అందుకని బారింగ్ గేరు మీద, రకాన్ని బట్టి నిమిషానికి కొద్ది చుట్లు మొదలుకొని, నెమ్మదిగా గంటల తరబడి, రోజుల తరబడి త్రిప్పుతూనే ఉంటారు. కాబట్టి అక్కడ ఆరంభం అంటే ఆవిరి వాల్వు తెరిచి, రోటరు ఆ మందగమనాన్ని దాటి 3,000 చుట్ల వైపు బయలుదేరిన క్షణం. ముగింపు అంటే గ్రిడ్డుతో కలిసి, భారం ఒక స్థాయికి చేరి కుదుటపడిన క్షణం. ఈ రెంటి నడుమ రోటరు తన సహజ కంపన వేగాలను దాటిపోవాలి. ఆ వేగాల దగ్గర ఆగరాదు, త్వరగా దాటించాలి. అప్పుడు బేరింగులలో నమోదైన అత్యధిక కంపనం ఎంత, ఏ వేగం వద్ద, అన్న రెండు అంకెలు సారాంశపు పంక్తిలో లేకపోతే ఆ పంక్తి వ్రాయడం దండగ.

విద్యుత్ కేంద్రాలలో ఆరంభాలను శీతలం, నులివెచ్చన, ఉష్ణం అని మూడు రకాలుగా విభజించడం మన పాఠకులలో రామగుండం, కొత్తగూడెం, విజయవాడ మిత్రులకు సుపరిచితమే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి సాంకేతిక ప్రమాణాల ప్రకారం ఆగి 10 గంటలు దాటకపోతే ఉష్ణారంభం, 10 నుండి 72 గంటలైతే నులివెచ్చని ఆరంభం, 72 గంటలు దాటితే శీతలారంభం. అయితే ఆ నిర్వచనంలో గంటలతో పాటు టర్బైను లోహపు వేడి కూడా ఉన్నది. పూర్తి భారపు వేడిలో సుమారు 80 శాతం, 40 శాతం అన్నవి హద్దులు. కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాసేవారు సహజంగా గంటలను తీసుకొని వేడిని వదలివేస్తారు. గంటలు లెక్కించడం సులభం గనుక. కాని మరమ్మతు తొందరలో గాలి పంపి చల్లార్చిన టర్బైను అరవై గంటలకే శీతలమై ఉండవచ్చు. దానిని "నులివెచ్చన" అని వ్రాసుకొని తదనుగుణమైన వేగంతో వేడి ఎక్కిస్తే, రోటరు ఉపరితలం వేడెక్కి లోపలి లోహం ఇంకా చల్లగా ఉండగానే వ్యాకోచపు ఒత్తిడి పెరిగిపోతుంది. పంక్తిలో రకం పేరు ఒక్కటే కాక, ఆగి ఉన్న గంటలూ ఆరంభపు లోహపు వేడీ రెండూ విడివిడిగా ఉండాలి. పేరు తరువాత మార్చుకొనవచ్చు, పోయిన అంకెను తెచ్చుకొనలేము.

ఈ లెక్కకు మునుపటి కంటె నేడు ఎక్కువ అవసరం ఏర్పడినది. బొగ్గు యూనిట్లను ఒకసారి ఎక్కిస్తే వారాల తరబడి సమానమైన భారంతో నడిపించే కాలం గడచిపోతున్నది. పగటిపూట సౌర విద్యుత్తు పుష్కలంగా వచ్చినప్పుడు బొగ్గు యూనిట్లు తగ్గాలి, సూర్యాస్తమయానికి మళ్లీ పెరగాలి. 2023లో ప్రాధికార సంస్థ చేసిన నిబంధనలు బొగ్గు యూనిట్లు మొదట 55 శాతం వరకు, దశలవారీగా 40 శాతం వరకు భారం తగ్గించుకొనగలగాలని నిర్దేశించినాయి. తగ్గించలేని చోట ఆపి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. దళసరి లోహపు భాగాలలో ప్రతి ఆరంభమూ ఆయుర్దాయంలో కొంత ఖర్చు చేస్తుంది. ఉష్ణారంభం కొంచెం, శీతలారంభం ఎక్కువ, తొందరపాటు ఆరంభం మరింత ఎక్కువ. ఈ ఖర్చులను ఒకదానికొకటి కూడుకుంటూ పోయే సూత్రాన్ని పామ్‌గ్రెన్ 1924లోనూ, మైనర్ 1945లోనూ ప్రతిపాదించినారు. ఇంజనీర్లు నేటికీ వాడుతున్నారు. కూడేందుకు సూత్రం సిద్ధంగా ఉన్నది. కూడవలసిన అంకెలు చెరిపివేయబడకుండా ఉండాలి, అంతే.

సోదర ఉద్యోగి తండ్రిగారి వృత్తి వైపు కూడా ఒకసారి వెళ్లక తప్పదు. రైలింజనులలో ఈ సమస్యకు ఇప్పటి కంప్యూటర్ల కంటె చాలా పాత చరిత్ర ఉన్నది. స్విట్జర్లాండులోని హాస్లర్ కంపెనీ యంత్రాలు కాగితపు చుట్ట మీద వేగాన్ని గీత గీస్తుండేవి. ఆ చుట్ట కాలశ్రేణి అయితే, డ్రైవరు లాగ్‌బుక్‌లో వ్రాసే పంక్తి సారాంశం. రెండూ ఒకే ఇంజనులో ప్రక్క ప్రక్కనే ప్రయాణం చేసేవి. ఒకటి తప్పితే రెండవది సాక్ష్యం చెప్పేది. తరువాత కాగితం పోయి చిప్పులు వచ్చినాయి. ఇటువంటి ఎలక్ట్రానిక్ రికార్డర్లను తయారు చేసిన వారిలో మన హైదరాబాదు కంపెనీలు మేధా, లక్స్‌వెన్ ఉన్నాయని చెప్పడం మాకు సంతోషం.

పాత తరహా విద్యుత్ ఇంజనును మేల్కొలిపే క్రమం గుర్తు చేసుకొనండి. పాంటోగ్రాఫ్ లేపాలి. దానిని లేపేందుకు గాలి ఒత్తిడి కావాలి. రాత్రంతా నిలిచిన ఇంజనులో గాలి కారిపోయి ఉంటే, బ్యాటరీతో నడిచే బేబీ కంప్రెసరు వేసి గాలి నిండే వరకు వేచి ఉండాలి. పాంటోగ్రాఫ్ తీగను తాకిన తరువాత ప్రధాన బ్రేకరు మూయాలి. ఒకే ఫేజుగా వచ్చిన విద్యుత్తును మూడు ఫేజులుగా మార్చే ఆర్నో కన్వర్టరు తిరుగుడు అందుకోవాలి. ఆ పిమ్మట కంప్రెసర్లు, బ్లోయర్లు ఒకదాని వెంట ఒకటి. ఈ వరుసలో ఎక్కడ ఆగినా మళ్లీ మొదటికే.

ఈ మొత్తాన్ని "6.10కి ప్రారంభం, 6.24కి సిద్ధం, ఆలస్యం 14 నిమిషాలు" అని కుదించినామనుకోండి. వాక్యంలో అబద్ధం లేదు. కాని చదివే అధికారికి ఆ పద్నాలుగు నిమిషాలూ డ్రైవరు ఖాతాలోనే కనిపిస్తాయి. అదే పంక్తిలో మొదలుపెట్టినప్పటి గాలి ఒత్తిడి, బేబీ కంప్రెసరు నడిచిన నిమిషాలు, 25 కిలోవోల్టుల తీగలో ఆ సమయాన ఉన్న కనిష్ఠ వోల్టేజి, బ్రేకరు ఎన్నిసార్లు పడినది అన్న నాలుగు అంకెలు చేర్చితే, ఆలస్యం గాలి కారిన గొట్టానిదా, తీగదా, మనిషిదా అన్నది విచారణ అవసరం లేకుండానే తేలిపోతుంది. నాలుగు అంకెల బరువెంత? ఉద్యోగి సర్వీసు పుస్తకంలో పడే ఎర్ర సిరా బరువుతో పోల్చి చూడండి.

కొత్త తరం ఇంజనులలో, 1990ల ఉత్తరార్ధంలో వచ్చిన డబ్ల్యు.ఎ.జి.-9 మొదలైన మూడు ఫేజుల వాటిలో, కంప్యూటరే లోపాలను సమయంతో సహా నమోదు చేస్తుంది. ఇటువంటి యంత్రాలలో వాడే చక్రపు స్మృతి పద్ధతి మన ప్రశ్నకు చాలా ఉపయోగకరం. చిన్న స్మృతిలో అంకెలు నిరంతరం వ్రాయబడుతూ, నిండగానే పాతవాటి మీద కొత్తవి పడుతుంటాయి. ఏదైనా సంఘటన జరిగిన వెంటనే, దానికి ముందు కొద్ది సెకన్లూ తరువాత కొద్ది సెకన్లూ గడ్డకట్టించినట్లు వేరుచేసి దాస్తారు. తక్కినది పోతుంది. మామూలు ఆరంభానికి ఒక పంక్తి చాలు. అసాధారణ ఆరంభానికి పంక్తితో పాటు ఆ పూర్తి గ్రాఫు కూడా ఉండాలి. అసాధారణం అని దేనిని అనాలి అంటే, విఫలమైన ప్రతి ప్రయత్నమూ, ఆ యంత్రపు గత యాభై ఆరంభాలతో పోల్చినప్పుడు కాలంలో గాని, కరెంటులో గాని, కంపనంలో గాని ప్రత్యేకంగా కనిపించే ప్రతిదీ అని మేము సూచిస్తాము. అన్ని యంత్రాలకూ ఒకే గీత పెట్టరాదు. ఒకే కంపెనీ, ఒకే నమూనా పంపులు రెండు ప్రక్కప్రక్కనే ఉన్నా వాటి స్వభావాలు వేరుగా ఉంటాయని పంపుహౌస్‌లో ఒక్క వర్షాకాలం గడిపిన వారికి చెప్పనక్కరలేదు.

కాబట్టి ముసాయిదాకు మా సూచన ఇది. పంక్తిలో తేదీ, సమయం సెకన్లతో సహా ఉండాలి. అంతకు ముందు ఎంతసేపు ఆగి ఉన్నది, ఆరంభపు వేడి ఎంత, ఇది ఆ షిఫ్టులో ఎన్నవ ప్రయత్నం, పూర్తి వేగానికి పట్టిన కాలం, అత్యధిక కరెంటు, అత్యధిక కంపనం, అది ఏ వేగం వద్ద, సరఫరా వోల్టేజి కనిష్ఠం, ఫలితం. ఫలితం గడిలో "విజయం", "విఫలం" అని రెండే పదాలు పెట్టరాదు. "ఆపరేటరు ఆపినది" అన్న మూడవ పదం తప్పనిసరి. శబ్దం విని, వాసన పట్టి, ప్రమాదం రాకముందే ఆపిన మనిషిని "విఫలం" అన్న గడిలో వేస్తే, రెండవసారి ఆయన ఆపడు. చివరగా, ఒక ఖాళీ గడి ఉంచండి, షిఫ్టులో ఉన్నవారు తమ మాటలలో వ్రాసేందుకు. హిందీలో వ్రాసినా, తెలుగులో వ్రాసినా సరే. పంపుహౌస్ ఆపరేటరు నోటు పుస్తకానికి కంప్యూటరులో స్థానం అదే.

పూర్తి గ్రాఫులు ఎంతకాలం ఉంచాలి అన్నది మరొక ప్రశ్న. కనీసం ఆ యంత్రపు తదుపరి పెద్ద మరమ్మతు పూర్తయి, విప్పిన భాగాలను కంటితో చూచే వరకు తీసివేయరాదని మా సలహా. లోహం మీద పగులు కనిపించిన రోజున, ఆ పగులు ఏ ఆరంభంలో మొదలైనదో వెదికేందుకు పంక్తి చాలకపోవచ్చు. తీసివేసే అధికారం కూడా కంప్యూటరు విభాగానికి మాత్రమే కాక, యంత్రాన్ని నడిపే విభాగానికీ ఉమ్మడిగా ఉండాలి. ఇద్దరి సంతకాలు లేనిదే చెరిపివేత జరగరాదు.

ఆగే సంఘటనల గురించి మాత్రం ఈసారి వ్రాయలేకపోయినాము. ఆవిరి ఆపిన తరువాత టర్బైను ఎన్ని నిమిషాలకు నెమ్మదించి బారింగ్ గేరు వేగానికి దిగినది అన్న ఒక్క అంకె లోపలి రాపిడి గురించి చాలా చెబుతుంది. దానికీ ఒక పంక్తి అవసరం. వచ్చే సంచికలో ఆ సంగతి చూద్దాం. ఈలోగా తమ తమ కేంద్రాలలో ఆ కాలాన్ని ఎక్కడ, ఎవరు నమోదు చేస్తున్నారో పాఠక మిత్రులు మాకు వ్రాసి పంపగలరు.